పెదజాలరిపేట నోట్‌బుక్‌తో ఒకినావా ల్యాబ్‌కి: ఒక బీఎస్సీ విద్యార్థిని కేస్ స్టడీ

విశాఖలో డిగ్రీ, పీజీ సైన్స్ విద్యార్థులకు రీసెర్చ్ ఇంటర్న్‌షిప్‌ల విషయంలో కొన్నేళ్లుగా సాయం చేస్తున్నాను. ఐఐటీ, ఐసర్ పిల్లలకు సీనియర్లు ఉంటారు, దారి చెప్పే ప్రొఫెసర్లు ఉంటారు. అఫిలియేటెడ్ డిగ్రీ కాలేజీలో జువాలజీ చదివే అమ్మాయికి చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. ఈ కేసు రాయడానికి కారణం అదే. విద్యార్థిని, తల్లిదండ్రుల అనుమతితోనే రాస్తున్నాను. పేర్లు, కాలేజీ వివరాలు ఇవ్వడం లేదు.

విద్యార్థిని నేపథ్యం

బీఎస్సీ ఆనర్స్ జువాలజీ, మూడో సెమిస్టర్ మొదలైన రోజుల్లో తండ్రితో కలిసి వచ్చింది. తండ్రి పోర్టు దగ్గర కాంట్రాక్టు కింద క్రేన్ ఆపరేటర్. తల్లి ఇంట్లోనే మిషన్ కుడుతుంది. సీజీపీఏ ఎనిమిదికి కొంచెం పైన. ఇంగ్లీష్ చదివితే అర్థమవుతుంది, మాట్లాడాలంటే టెన్షన్. పాస్‌పోర్ట్ లేదు. వచ్చే ఎండాకాలంలో విదేశంలో ఏదైనా ల్యాబ్‌లో పనిచేయాలని కోరిక.

వాళ్లు నా దగ్గరికి వచ్చింది అసలు ఇంటర్న్‌షిప్ వెతకడానికి కాదు. నగరంలో ఒక ఏజెన్సీ 'ఇంటర్నేషనల్ రీసెర్చ్ ఇంటర్న్‌షిప్' పేరుతో నాలుగు వారాలకు లక్షా ఎనభై వేలు అడిగింది. అడ్వాన్స్ కట్టాలా వద్దా అని అడగడానికి వచ్చారు. బ్రోషర్ చూశాను. యూనివర్సిటీ భవనం ఫొటో ఉంది, సిటీ టూర్ ఉంది, చివర్లో సర్టిఫికెట్ ఉంది. ల్యాబ్ పేరు లేదు, గైడ్ పేరు లేదు. 'నన్ను గైడ్ చేసే సైంటిస్ట్ ఎవరు? ఏ ప్రశ్న మీద పనిచేస్తాను?' అని ఈ రెండే అడుగుతూ ఏజెన్సీకి మెయిల్ పెట్టమన్నాను. జవాబులో డిస్కౌంట్ ఆఫర్ వచ్చింది కానీ ఆ రెండింటికీ సమాధానం రాలేదు. తండ్రికి ఇక నేను వేరే చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

పేరున్న పోటీ ప్రోగ్రాములు విద్యార్థి దగ్గర డబ్బు తీసుకోవు, స్టైపెండ్ ఇస్తాయి. కొన్ని యూనివర్సిటీలు నేరుగా వచ్చే విజిటింగ్ విద్యార్థి దగ్గర బెంచ్ ఫీజు, అంటే ల్యాబ్ వాడుకున్నందుకు రుసుము, వసూలు చేస్తాయి, అది వేరే సంగతి. అక్కడైనా గైడ్ ఎవరో ముందే తెలుస్తుంది.

అర్హత దగ్గరే మొదలు

ఆ అమ్మాయి దగ్గర అప్పటికే ఒక పొడవైన లిస్టు ఉంది. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేదే. దాన్ని ముందు పెట్టుకుని ఒక సాయంత్రమంతా కూర్చున్నాం. ఒక్కో పేరు దగ్గర ఒకే పని: అర్హత పేరా చివరిదాకా చదవడం. స్టైపెండ్ ఎంత, ఏ దేశం, ఫొటోలు ఎలా ఉన్నాయి అనేవన్నీ తర్వాత.

అమెరికాలో ఆర్‌ఈయూ (డిగ్రీ విద్యార్థులకు పరిశోధన అనుభవం ఇచ్చే) ప్రోగ్రాములకు డబ్బిచ్చేది నేషనల్ సైన్స్ ఫౌండేషన్. ఆ డబ్బు అమెరికా పౌరులకు, అక్కడ శాశ్వత నివాసం ఉన్నవాళ్లకు మాత్రమే. మన పిల్లలు ఏటా వీటికి అప్లికేషన్లు నింపి వారాలు పోగొట్టుకుంటారు. విదేశీ విద్యార్థులకు స్కాలర్‌షిప్‌లు ఇచ్చే జర్మనీ సంస్థ డాడ్ (DAAD) నడిపే 'రైజ్ జర్మనీ' అమెరికా, కెనడా, బ్రిటన్, ఐర్లండ్ యూనివర్సిటీల్లో చదివేవాళ్లకు. ఆమ్‌జెన్ స్కాలర్స్‌లో అమెరికా విభాగానికి అమెరికా కాలేజీల్లోనే చదువుతూ ఉండాలి. ఇవన్నీ కొట్టేశాం. భారతీయ విద్యార్థుల కోసమే డాడ్ పెట్టిన 'వైజ్' ఉంది కానీ అది ఎంపిక చేసిన సంస్థల వాళ్లకు, నాలుగేళ్ల లేదా అయిదేళ్ల కోర్సుల వాళ్లకు. మన అమ్మాయి కాలేజీ ఆ జాబితాలో లేదు. కెనడాలో మైటాక్స్ గ్లోబలింక్ భారతీయులను తీసుకుంటుంది. పన్నెండు వారాలు. దానికి కోర్సులో ఇంకా కొన్ని సెమిస్టర్లు మిగిలి ఉండాలి. మూడేళ్ల డిగ్రీ పిల్లలు తరచూ తప్పిపోయేది సరిగ్గా ఇక్కడే. మూడో ఏడాది పూర్తయ్యాక వెళ్దామనుకుంటారు, అప్పటికి వాళ్లు విద్యార్థులే కాదు.

అందుకే నాలుగో ఏడాది ఆనర్స్ కొనసాగించాలా, మూడేళ్లకే బయటికి రావాలా అన్న నిర్ణయాన్ని మూడో సెమిస్టర్‌లోనే మాట్లాడుకున్నాం. మామూలుగా ఇది ఆరో సెమిస్టర్‌లో హడావిడిగా జరిగే చర్చ. ఆనర్స్‌లో ఉంటే ఆరో సెమిస్టర్ తర్వాతి ఎండాకాలంలో కూడా ఆమె 'కోర్సు కొనసాగిస్తున్న విద్యార్థి'గానే లెక్క. ఒక అదనపు ఏడాది ఫీజు భారమే, కాదనను. కానీ ఆ ఏడాది వల్ల తెరుచుకునే తలుపులు తండ్రికి అర్థమయ్యాయి.

లిస్టులో చివరికి మిగిలినవి చాలా తక్కువ. ఫిజిక్స్ వాళ్లకు సెర్న్ ఉంది, హాంబర్గ్‌లో డెజీ ఉంది. కంప్యూటర్ సైన్స్ వాళ్లకు స్విట్జర్లాండ్‌లో ఈపీఎఫ్ఎల్, ఈటీహెచ్ సమ్మర్ ప్రోగ్రాములు ఉన్నాయి. సముద్ర జీవుల మీద ఆసక్తి ఉన్న బీఎస్సీ విద్యార్థినికి సరిగ్గా సరిపోయినది జపాన్‌లో ఒకినావా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ అండ్ టెక్నాలజీ, అంటే ఓఐఎస్‌టీ. డిగ్రీ స్థాయి వాళ్లను కూడా తీసుకుంటుంది, కాలేజీ జాబితా ఏదీ లేదు. విమాన టికెట్, వసతి చూసుకుని రోజువారీ అలవెన్స్ ఇస్తుంది. ఏప్రిల్-సెప్టెంబర్ మధ్య వెళ్లాలంటే ముందటి ఏడాది అక్టోబర్ 15 లోపు అప్లై చేయాలి. అక్టోబర్-మార్చికి అయితే ఏప్రిల్ 15.

ఆ తేదీలు చూసి తండ్రి, 'ఎండాకాలం సెలవులకి దసరా ముందే పెట్టాలా సార్?' అన్నారు. అవును. మైటాక్స్‌కి దాదాపు సెప్టెంబర్‌లో, వైజ్‌కి నవంబర్ మొదట్లో, యూరప్ సంస్థల్లో చాలావాటికి జనవరి చివర్లో గడువు ముగుస్తుంది. మార్చిలో పరీక్షల టైమ్‌కి గుర్తొస్తే మిగిలేవి డబ్బు తీసుకునే ఏజెన్సీలే.

నోట్‌బుక్

సీవీ తెచ్చింది. వర్క్‌షాప్ సర్టిఫికెట్లు, ఆన్‌లైన్ క్విజ్ సర్టిఫికెట్లు, 'హార్డ్ వర్కింగ్', 'క్విక్ లెర్నర్'. నేను చూసే సీవీల్లో చాలావరకు ఇలాగే ఉంటాయి. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ గురించి కింద ఎక్కడో ఒక్క లైన్.

మన రాష్ట్రంలో డిగ్రీ పిల్లలకు మొదటి ఏడాది అయ్యాక ఈ ప్రాజెక్ట్ తప్పనిసరి. చాలామంది సీనియర్ల రిపోర్ట్ తెచ్చి, ఊరి పేరు మార్చి ఇచ్చేస్తారు. ఈ అమ్మాయి విశాఖలో మత్స్యకారులుండే పెదజాలరిపేట ఒడ్డుకి నిజంగానే వెళ్లింది. వాళ్ల పిన్నిగారి ఇల్లు అక్కడికి దగ్గర. ఏం చేశావమ్మా అని అడిగితే బ్యాగులోంచి ఒక లాంగ్ నోట్‌బుక్ తీసింది. రిపోర్టులో పెట్టనిదంతా అందులో ఉంది:

'మే 9. ఉదయం 6.10. అలివి వల, ఒక లాగు. కవళ్లు రెండు గంపలు. గులివిందలు అర గంప. కానాగంతలు చిన్నవి, 23 కొలిచాను. సొర పిల్లలు 3. జెల్లీ చాలా. అమ్మనివి ఇసుకలో వదిలేశారు.'

అలివి వల అంటే ఒడ్డుకి లాగే పెద్ద వల. ఇలాంటి పేజీలు పేజీలు. చేప పొడవు వాళ్లమ్మ టైలరింగ్ టేపుతో కొలిచింది. ఆ నోట్‌బుక్ చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం దాచుకోలేదు. ఎవరూ అడగకుండా, మార్కులు రాకపోయినా, తెల్లవారుజామున ఒడ్డుకి వెళ్లి చేపలు కొలిచిన అమ్మాయి అప్పటికే పరిశోధన మొదలుపెట్టింది. ఆ సంగతి ఆమెకి తెలియదంతే.

పైగా టైమింగ్ కలిసొచ్చింది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్ల చేపల వేట నిషేధం. ఇంజన్ లేని తెప్పలకు, వాటితో వేసే వలలకు ఈ నిషేధం లేదు. ఆమె లెక్కలు సరిగ్గా నిషేధం రోజులవి. చేపలు గుడ్లు పెట్టి పెరిగే కాలాన్ని కాపాడటమే నిషేధం ఉద్దేశం. మరి ఒడ్డుకి లాగే వలలో పడే కానాగంతల్లో (మాకెరెల్ చేపల్లో) పిల్లలు ఎంత శాతం? కానాగంత 17 నుంచి 22 సెంటీమీటర్ల మధ్య పరిపక్వతకు వస్తుందని అధ్యయనాలు చెబుతాయి. ఆమె నోట్‌బుక్‌లోవి చాలావరకు అంతకంటే చిన్నవి. ఈ లెక్క రెండు నెలలతో తేలేది కాదు. కానీ అడగదగ్గ ప్రశ్న, విశాఖ ఒడ్డున కూర్చుని అడగగలిగిన ప్రశ్న.

తర్వాతి వారాల్లో పనిని కొంచెం గట్టి చేశాం. గుడ్డ టేపు సాగుతుంది, చేప మీద వంగుతుంది. ఒక చెక్క పలక తీసుకుని, మధ్యలో స్టీల్ స్కేల్ బిగించి, సున్నా దగ్గర అడ్డంగా ఒక చెక్కముక్క కొట్టించింది. చేప మూతి ఆ అడ్డానికి తగిలేలా పెడితే తోక చివర నేరుగా చదవొచ్చు. ఆ తర్వాత ఒకే చేపను ఆమె ఒకసారి, చెల్లెలు ఒకసారి, ఒకరిది ఒకరు చూడకుండా కొలిచారు. తేడా రెండు మూడు మిల్లీమీటర్లు వస్తోందని తేలింది. దాన్ని కూడా నోట్‌బుక్‌లో రాసింది. జాతుల గుర్తింపులో సందేహాలు వస్తే సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) విశాఖ కేంద్రంలో ఒక శాస్త్రవేత్తను కలిసింది. ఆయన ఓపికగా చూసి, రెండు పేర్లు సరిదిద్దారు. 1803లోనే ప్యాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన 200 చేపలను బొమ్మలతో సహా వర్ణించాడని ఆమెకు చెప్పింది కూడా ఆయనే. తన లిస్టులోని చేపలు అందులో ఎన్ని ఉన్నాయో చూడటం ఆమెకి ఒక ఆదివారం పని అయింది.

మెయిల్, సిఫార్సు లేఖ

ప్రోగ్రాములతో పాటు ప్రొఫెసర్లకు నేరుగా మెయిల్ పెట్టడం ఇంకో దారి. ఆమె మొదట రాసుకొచ్చిన మెయిల్ సారాంశం ఇది: 'గౌరవనీయులైన సర్, మీ విలువైన పరిశోధన నన్ను ఎంతగానో ఆకట్టుకుంది. నాకు మెరైన్ బయాలజీ అంటే ప్రాణం. మీ ల్యాబ్‌లో ఏ ప్రాజెక్ట్ ఇచ్చినా శ్రద్ధగా చేస్తాను. దయచేసి అవకాశం ఇవ్వగలరు.'

మర్యాదగానే ఉంది. కానీ ఇందులో పేరు మారిస్తే ప్రపంచంలో ఎవరికైనా పంపొచ్చు. చదివే ప్రొఫెసర్‌కి అది మొదటి లైన్‌లోనే తెలిసిపోతుంది. 'ఏ ప్రాజెక్ట్ ఇచ్చినా' అన్న మాట వినయంగా అనిపిస్తుంది గానీ, ఆయనకి మాత్రం ఈ అమ్మాయికి ఏం కావాలో తెలియదని వినిపిస్తుంది. చాట్‌బాట్‌తో రాయించుకున్న మెయిళ్లకూ ఇదే జబ్బు, ఇంగ్లీష్ మాత్రం బాగుంటుంది.

మళ్లీ రాసింది ఇలా వచ్చింది: 'నేను విశాఖపట్నం తీరంలో లాగుడు వలల్లో పడే కానాగంతల పొడవులు కొలుస్తున్నాను. ఎక్కువ భాగం పరిపక్వతకు రాని పిల్లలే. పొడవు చూసి వయసు కచ్చితంగా చెప్పలేకపోతున్నాను. చేప చెవి రాళ్లలో, అంటే లోపలి చెవిలో ఉండే చిన్న గట్టి ముక్కల్లో, రోజువారీ వలయాలు లెక్కపెట్టి వయసు చెప్పవచ్చని చదివాను. ఆ పని నాకు రాదు, మా కాలేజీలో పరికరాలు లేవు. మీ ల్యాబ్‌లో అది చేస్తున్నారు కాబట్టి రాస్తున్నాను. నా లెక్కల ఒక పేజీ సారాంశం జతచేశాను.'

'నాకు రాదు' అని రాయడానికి మొదట భయపడింది. నా అనుభవంలో ఆ వాక్యమే మెయిల్‌కి ప్రాణం. ఏం వచ్చో, ఏం రాదో, అది నేర్చుకోవడానికి మీ దగ్గరికే ఎందుకు రావాలో, మూడూ ఒకచోట కనిపిస్తాయి. దీన్ని ఒకేసారి పదుల మందికి పంపలేం. ఒక్కో ల్యాబ్ పేపర్లు చదివి, ఒక్కో మెయిల్ విడిగా రాయాలి. వారానికి రెండు మూడు మించలేదు.

సిఫార్సు లేఖల గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. 'నువ్వే రాసుకుని తీసుకురా అమ్మా, సంతకం పెడతాను' అనే అలవాటు మన దగ్గర పాతుకుపోయింది. లెక్చరర్ల అభిమానంలో అనుమానం లేదు, కానీ విద్యార్థి తన గురించి తాను రాసుకున్న పొగడ్త చదివేవాళ్లను కదిలించదు. ఇంకో చిక్కు, చాలా పోర్టల్స్ లేఖ రాసేవాళ్లకి నేరుగా లింక్ పంపుతాయి, సంస్థ మెయిల్ ఐడీ అడుగుతాయి. కాలేజీ లెక్చరర్లకు సొంత జీమెయిల్ తప్ప ఇంకోటి ఉండదు. అందుకే ప్రిన్సిపాల్‌ని ఒప్పించి కాలేజీ డొమైన్ మీద ఒక ఐడీ తెరిపించాం. దీనికి పట్టిన టైమ్ మిగతా అప్లికేషన్ మొత్తానికి పట్టిన దానికంటే ఎక్కువ.

మొదటి ఏడాది

అక్టోబర్‌లో ఓఐఎస్‌టీకి అప్లై చేసింది. రాలేదు. మెయిళ్లలో చాలావాటికి జవాబు లేదు. యూరప్‌లో ఒక ప్రొఫెసర్ మాత్రం ఆ ఒక పేజీ సారాంశం నిజంగా చదివి, శాంపిల్ తీసిన రోజుల గురించి రెండు మంచి ప్రశ్నలు అడిగారు. రమ్మన్నారు కూడా. కానీ తన దగ్గర డబ్బు లేదని, ఖర్చులు మీరే పెట్టుకోవాలని స్పష్టంగా రాశారు. టికెట్, మూడు నెలల అద్దె, తిండి, ఇన్సూరెన్స్ అన్నీ లెక్కేస్తే ఏజెన్సీ అడిగిన దానికంటే ఎక్కువే తేలింది. ఇల్లు తాకట్టు పెడదామని తండ్రి అన్నారు. నేను వద్దన్నాను. రెండు మూడు నెలల ఇంటర్న్‌షిప్ కోసం ఇంటి మీద అప్పు చేయమని ఏ కుటుంబానికీ చెప్పను. ప్రొఫెసర్‌కి ఉన్న విషయం రాసి, ఆయన ప్రశ్నలకు జవాబులిచ్చి, థాంక్స్ చెప్పింది.

ఆ ఎండాకాలం ఖాళీగా పోలేదు. నాలుగో సెమిస్టర్ తర్వాత రెండు నెలల షార్ట్ టర్మ్ ఇంటర్న్‌షిప్ ఎలాగూ చేయాలి. దాన్ని కంప్యూటర్ సెంటర్ సర్టిఫికెట్‌తో సరిపెట్టకుండా, దేశంలోనే ఒక జాతీయ పరిశోధన సంస్థలో సమ్మర్ ప్రాజెక్ట్ సంపాదించింది. విదేశాలకే వెళ్లాలన్న పట్టుదలతో మన సంస్థలను చిన్నచూపు చూసే పిల్లలు ఉన్నారు. సైన్స్ అకాడమీలు మూడూ కలిసి నడిపే సమ్మర్ ఫెలోషిప్, టీఐఎఫ్ఆర్, జేఎన్‌సీఏఎస్ఆర్, సీసీఎంబీ లాంటి చోట్ల దొరికే పని ఏ దేశపు పనికీ తీసిపోదు. పైగా అక్కడ ఒక శాస్త్రవేత్త రెండు నెలలు దగ్గరుండి చూసి రాసే లేఖకు ఉండే బరువు వేరు.

రెండో అక్టోబర్

ఆ శాస్త్రవేత్త రాసిన లేఖలో ఏముందో తర్వాత ఆయనే నాకు చెప్పారు. తెలివైనదనీ కష్టపడుతుందనీ రాసి ఊరుకోలేదు. 'కొలిచే మనిషి మారితే కొలత ఎంత మారుతుందో ఎవరూ చెప్పకుండానే పరీక్షించింది. ల్యాబ్‌కి వచ్చిన మొదటి వారంలోనే మా కొలతల్లో కూడా ఆ తేడా చూద్దామని అడిగింది' అని రాశారట.

ఈసారి ఓఐఎస్‌టీ అప్లికేషన్‌లో చేప పిల్లల ఎదుగుదల మీద పనిచేసే యూనిట్‌ను ఎంచుకుంది. స్టేట్‌మెంట్‌లో ఒడ్డు లెక్కలు, సమ్మర్ పని, ఇంకా తెలియని విషయం, అంతే. శీతాకాలంలో ఇంటర్వ్యూ జరిగింది. దానికోసం రోజూ సాయంత్రం తన పని గురించి అయిదు నిమిషాలు చెల్లెలికి ఇంగ్లీష్‌లో చెప్పింది. తడబడినచోట పదం మార్చుకుంది, బట్టీ పట్టలేదు. ఇంటర్వ్యూలో ఒక ప్రశ్న అర్థం కాకపోతే 'మళ్లీ చెప్పగలరా' అని అడిగింది. ఆ మాట కూడా ముందే ప్రాక్టీస్ చేసిందే. ఎంపికైంది, ఆరో సెమిస్టర్ పరీక్షల తర్వాత పన్నెండు వారాలకు.

ఆ వార్త విని వాళ్లమ్మ మొదట అడిగింది, 'ఆడపిల్ల ఒక్కతే అంత దూరం ఎలా ఉంటుంది సార్?' అని. అది తీసిపారేయాల్సిన ప్రశ్న కాదు. వసతి ఎక్కడ, రాత్రి ల్యాబ్ నుంచి ఎలా వస్తుంది, జబ్బు చేస్తే ఎవరు చూస్తారు అని సంస్థకే రాయించాను. అన్నింటికీ వివరంగా జవాబు వచ్చింది. దాన్ని తెలుగులో వాళ్లమ్మకి చదివి వినిపించింది.

కాగితాలు, ఖర్చు

పాస్‌పోర్ట్ పని మొదటి ఏడాదే పూర్తి చేయించాను, ఎంపికయ్యే దాకా ఆగలేదు. మన పేర్లతో ఒక ఇబ్బంది ఉంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తిగా, కాలేజీ మార్కుల మెమోలో ఇంకోలా. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా రావాలి. అప్లికేషన్లలో అన్నిచోట్లా పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే రాయించాను, మెమోలో ఉన్న పేరూ ఈ పేరూ ఒకరివేనని ప్రిన్సిపాల్ లెటర్ జత చేయించాను. మర్రిపాలెం పాస్‌పోర్ట్ ఆఫీస్ చుట్టూ తిరగడం కంటే ఆధార్ ముందే సరిచేసుకోవడం తేలిక. పోలీస్ వెరిఫికేషన్‌కి చిరునామా రుజువు కావాల్సి వచ్చింది, అది కాస్త ఆలస్యమైంది. ఆనర్స్ కొనసాగిస్తున్నట్టు కాలేజీ లెటర్ ఇంకొకటి. వీసాకి కావాల్సిన కాగితాలు సంస్థే పంపింది, వాటితో హైదరాబాద్ వెళ్లి ఇచ్చి వచ్చారు.

టికెట్, వసతి సంస్థవే అయినా అలవెన్స్ చేతికి వచ్చేలోపు గడవడానికి కొంత డబ్బు కావాలి. వాళ్లమ్మ డ్వాక్రా గ్రూపులో నలభై వేలు తీసుకుంది. అందులో హైదరాబాద్ ప్రయాణాలు, ఒక మంచి సూట్‌కేస్, మొదటి నెల చిల్లర ఖర్చులు పోయాయి. తిరిగి వచ్చేసరికి అలవెన్స్‌లో మిగిలిన దాంతో గ్రూపు అప్పులో సగానికి పైగా తీరింది.

అక్కడ చెవి రాళ్లను బయటికి తీయడం, పలుచగా అరగదీయడం, మైక్రోస్కోప్ కింద వలయాలు లెక్కపెట్టడం నేర్చుకుంది. ప్రస్తుతం నాలుగో ఏడాదిలో ఉంది. ఆనర్స్ ప్రాజెక్ట్ పెదజాలరిపేట కానాగంతల మీదే. టైలరింగ్ టేపుతో కొలిచిన మొదటి లెక్కలను అందులో కలపకూడదని తనే తేల్చుకుంది, పలకతో కొలిచినవి మాత్రమే వాడుతోంది. చెవి రాళ్లు అరగదీసే పరికరం ఆంధ్రా యూనివర్సిటీలో ఏదైనా విభాగంలో వాడుకోనిస్తారేమో అని అడగడానికి వచ్చే వారం ఇద్దరం కలిసి వెళ్తున్నాం.